డాట్ కామ్‌కు ముహూర్తం

మా ఇంట్లో బిడ్డ పుడితే ఇరవై ఒకటో రోజున పేరు పెట్టేస్తారు. వెబ్‌సైటుకు పేరు పెట్టడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేను తిన్న చీవాట్లను ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా రోడ్డు మీద పరిస్తే ఇంకా మిగులుతాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాతే నవ్వొస్తుంది.

మాది ఆళ్లగడ్డలో శిల్పాల పని. కడప రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు మూతి మాత్రమే తేలిన నందులు, చేతులింకా రాని అమ్మవార్లు. పని చేసేది మా నాయన. పొద్దున ఉలి పట్టుకుంటే పొద్దుగూకేదాకా దించడు, నోరు తెరవడు. పెత్తనం చేసేది మా పెదనాయన, అంటే నాయనకు అన్న. ఆయన ఉలి వదిలేసి అప్పటికే పదేళ్లయింది. నడుము నొప్పి అనేవాడు. ఆ నడుముతోనే పెళ్లిళ్లకూ పంచాయితీలకూ ఊళ్లు పట్టుకొని తిరిగేవాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది పంచాంగం. షెడ్డులోకి కొత్త బండ దించాలన్నా, పాత సుత్తికి కొత్త పిడి వేయాలన్నా అందులో చూసి చెప్పేవాడు.

శిల్పి దేవుడి మీద తన పేరు చెక్కడు. అది మావాళ్ల కట్టుబాటు. విగ్రహం గుడిలోకి పోయాక అది దేవుడే గానీ మా నాయన చేసిన బొమ్మ కాదు. అందుకు నాయన ఎప్పుడూ బాధపడలేదు. బాధ మొదలైంది హైదరాబాదులో. మా దగ్గర విగ్రహాలు కొని అక్కడ అమ్ముకునే వ్యాపారి ఒకాయన ఉండేవాడు. నెలకోసారి కారులో వచ్చి, తెల్లచొక్కాకు దుమ్ము అంటకుండా షెడ్డంతా తిరిగి, కావాల్సినవి లారీకి ఎత్తించుకొని పోయేవాడు. ఒకసారి నాయన ఏదో పెళ్లికని హైదరాబాదు పోయి, పనిలో పనిగా తాను ఎనిమిది నెలలు చెక్కిన నరసింహస్వామి ఉన్న గుడికి వెళ్లాడు. అక్కడ గోడకు ఒక చలవరాతి పలక. విగ్రహ శిల్పి అని రాసి, దాని కింద ఆ వ్యాపారి పేరు. ఉలిని ఏ కొసన పట్టుకోవాలో తెలియని మనిషి పేరు. నాయన ఆ పలక ముందు నిలబడిపోతే, వెనక జనం ఉన్నారు జరగండి అని పూజారి పక్కకు నెట్టాడట.

ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. అది మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు అన్నం ముందు కూర్చొని నాతో అన్నాడు.

"దేవుని మీద వొద్దు పాపా. యాడన్నా ఒగ చోట, ఇది నా చెయ్యి అని ఉంటే సాలు."

అప్పుడు నేను నంద్యాలలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయిన రోజులు. రోజూ బస్సులో పోయి రావడం. నంద్యాలలో రైల్వే గేటు దగ్గర మందుల అంగడి పైన ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. దాన్ని నడిపే అన్న సొంతూరు దొర్నిపాడు. వాళ్ల నాయన పాస్టరు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు, మిగతా ఆరు రోజులూ మాలాంటి వాళ్లకు ఇంకో రకం కీబోర్డు నేర్పేవాడు. నాయన కోసం వెబ్‌సైటు పెట్టాలని చెబితే, ముందు పేరు చూసుకోమన్నాడు. పేరు పొట్టిగా ఉండాలన్నాడు. బస్సులో పోయేవాడు ఒకసారి చూస్తే ఇల్లు చేరేదాకా గుర్తుండాలి, ఫోన్లో చెబితే మళ్లీ అడగకుండా టైపు కొట్టుకోవాలి, మధ్యలో గీతలూ అంకెలూ ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నచ్చిన పేరు ఖాళీగా కనపడితే ఆ పూటే తీసుకోవాలి. అది బస్సులో సీటు లాంటిది, ముందు టవలు వేసినవాడిదే అన్నాడు.

తిరుగు బస్సులోనే నాకు పేరు తట్టింది. మా ఊరి పేరు, దాని వెనక ఉలి. అంతే. మర్నాడు కొట్టి చూస్తే ఖాళీగా ఉంది. ఆ పూటే తీసుకొని ఉంటే ఈ గొడవే లేదు. పెద్దవాళ్లను అడగాలి కదా అనుకున్నాను. ఇరవై ఏళ్ల బుద్ధి మరి.

పెదనాయన విని మొహం చిట్లించాడు. "ఉలి ఏందీ? ఇనప సామాన్ల అంగడి అనుకుంటారు" అన్నాడు. ఆ తర్వాత ఆయనే ఒక పేరు చెప్పాడు. మా తాత ఇంటిపేరు, తాత పేరు, అండ్ సన్స్, శిల్పకళా మందిరం, ఆళ్లగడ్డ, కర్నూలు జిల్లా. పిన్ కోడు కూడా చేరిస్తే ఇంకా మంచిదన్నాడు, పోస్టుమ్యాను వెతుక్కోనక్కర్లేదట. ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలవుతాయో లెక్కపెడితే నా వేళ్లు అయిపోయి, పక్కన కూర్చున్న అమ్మ వేళ్లు కూడా అయిపోయాయి. ఇది వెబ్‌సైటు పేరా, పెళ్లిపత్రికా అని అడిగాను. పోనీ అండ్ సన్స్ అంటే ఇద్దరు కొడుకులు కదా, పని చేసేది ఒక్కడే కదా అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆడపిల్లవు, రేపు ఇంకో ఇంటికి పోయేదానివి, మా ఇంటి పేరుతో నీకేం పని అని మొదలుపెట్టి సాయంత్రం దాకా కడిగిపెట్టాడు. నాయన తలెత్తలేదు. వినాయకుడి తొండం నునుపు చేస్తూ కూర్చున్నాడు.

తర్వాత అమ్మవారి పేరన్నాడు. అది ఎప్పుడో ఎవరో తీసుకున్నారు. అమ్మవారి పేరు ఇంకొకడు ఎట్లా తీసుకుంటాడని నా మీద అరిచాడు. తర్వాత తన పేరే అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. అదీ పోయిందని చెప్పాను. నిజానికి అది ఖాళీగా ఉందో లేదో నేను చూడనే లేదు. ఇట్లా ఉగాది పోయి, ఎండాకాలం పోయి, చివరకు ఒక పేరు దగ్గర ఇల్లంతా ఆగింది. ఊరి పేరు, దాని వెనక శిల్పాలయం. కొంచెం బరువే గానీ పేరు మంచిదే. ఆళ్లగడ్డ శిల్పాల కోసం వెతికేవాడు ఎవడైనా అక్కడికే వస్తాడు. చూస్తే ఖాళీగా ఉంది. రేపే తీసుకుందామని ఎగురుకుంటూ వచ్చి చెప్పాను.

పెదనాయన పంచాంగం తెరిచాడు. ఆషాఢం.

శూన్యమాసంలో నామకరణమేంటని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. విగ్రహమంతా చెక్కడం అయిపోయినా కళ్లు ఆఖరున తెరుస్తాం, దానికి ముహూర్తం ఉంటుంది, అప్పటిదాకా అది ఉత్త బండే, పేరు కూడా అంతేనని నాకు పాఠం చెప్పాడు. శ్రావణంలో రెండో శుక్రవారం, పొద్దున తొమ్మిది నలభైకి బ్రహ్మాండమైన ముహూర్తం ఉందన్నాడు. టవలు వేయడానికి కూడా ముహూర్తమా అని నేను నాయన వైపు చూశాను. నాయన మజ్జిగన్నంలో మిరపకాయ వెతుక్కుంటున్నాడు.

పోనీ పెదనాయన ఊరికే కూర్చున్నాడా అంటే అదీ లేదు. ఆరడుగుల నల్లబండ తెప్పించి, ఆ పేరు డాట్ కామ్‌తో సహా దాని మీద చెక్కమని నాయనకు చెప్పాడు. ఇంకా మనది కాని పేరును రాతిలో చెక్కడమేంటని నేను కాళ్లావేళ్లా పడ్డాను.

"మనూరి పేరు, మన పని. మనది గాక ఎవురిదంటావ్?" అన్నాడు పెదనాయన.

నాయన పదకొండు రోజులు చెక్కాడు. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. డాట్ ఉండేచోట చుక్కకు బదులు శనగ్గింజంత తామరపువ్వు పెట్టాడు. బండను తీసుకుపోయి రోడ్డు మీదికి నిలబెట్టారు. అహోబిలం పోయే యాత్రికులు బస్సు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చదివేవాళ్లు. విగ్రహానికైతే కళ్లు తెరిచేదాకా గుడ్డ కప్పుతారు. దీనికి గుడ్డ కప్పాలని మాత్రం ఏ పంచాంగంలోనూ లేకపోయింది.

ఆ నెల వ్యాపారి వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. కారు దిగి ఆ బండ ముందు ఆగాడు. అక్షరాల మీద చెయ్యి పెట్టి నిమిరాడు. ఇదేమిటండీ అని ఎంతో మర్యాదగా అడిగాడు. పెదనాయన కుర్చీ వేయించి, మొదటి నుంచీ చెప్పాడు. ఇంటర్నెట్ అంటే ఏమిటో హైదరాబాదు మనిషికి ఆళ్లగడ్డలో కూర్చోబెట్టి వివరించాడు. పేరు ఇంకా తీసుకోలేదని చెప్పాడు. ఎప్పుడు తీసుకుంటామో, ఏ లగ్నంలో తీసుకుంటామో కూడా చెప్పాడు. వ్యాపారి కళ్లు మూసుకొని, దివ్యమైన ముహూర్తం అన్నాడు. కారులోంచి కెమెరా తెప్పించి బండకు ఫోటో తీశాడు. పెదనాయనను పక్కన నిలబెట్టి ఇంకో ఫోటో తీశాడు. పెదనాయన లోపలికి పోయి కొత్త కండువా వేసుకొని మరీ వచ్చాడు. వాళ్లకు రెండుసార్లు టీ పెట్టిచ్చిన మహాతల్లిని నేనే.

ముహూర్తం రోజున నాయన, పెదనాయన, నేను తలస్నానాలు చేసి మొదటి బస్సుకు నంద్యాల చేరాం. అమ్మ వరలక్ష్మీ వ్రతమని ఇంట్లో ఉండిపోయి, ఇంటర్నెట్ అన్నకు ఓళిగలు కట్టిచ్చింది. పెదనాయన కంప్యూటరుకు బొట్టు పెట్టాడు. మౌసుకు కూడా పెట్టాడు. మెట్ల మీద టెంకాయ కొట్టాడు. పాస్టరు కొడుకైన ఆ అన్న పాపం ఏమీ అనకుండా చెప్పులు బయట విప్పి వచ్చి నిలబడ్డాడు. తొమ్మిది ముప్పై ఎనిమిదికి కరెంటు పోయింది. లగ్నం దాటిపోతుంటే పెదనాయన ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాడు. కరెంటు వచ్చేసరికి పదిన్నర దాటింది. నేను పేరు కొట్టాను. ఖాళీ లేదని వచ్చింది.

తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. అదే మాట. అప్పుడు ఆ అన్న, ఎవరు తీసుకున్నారో చూద్దామని ఆ పేరుతోనే సైటు తెరిచాడు. ఆ రోజుల్లో ఫోటో పైనుంచి కిందికి ఒక్కో గీతే దిగేది. ముందు మా షెడ్డు రేకులు వచ్చాయి. తర్వాత నల్లబండ పై అంచు. తర్వాత నాయన చెక్కిన అక్షరాలు, తామరపువ్వుతో సహా. బండ పక్కన తలపాగా, మీసం, కొత్త కండువా, నవ్వు. పెదనాయన నిండుగా దిగేసరికి రెండు నిమిషాలు పట్టింది. దాని కింద హైదరాబాదు ఫోన్ నంబరు. ఆ కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో ఉంటే చదవమన్నారు. ఆళ్లగడ్డలోని మా కార్యశాలలో మా ప్రధాన శిల్పి అని చదివాను.

పెదనాయన గొంతు సవరించుకొని, సోడా తాగొస్తానని మెట్లు దిగిపోయాడు. దిగేముందు ఆ ఫోటో వైపు ఇంకోసారి చూసుకున్నాడు, అది నేను చూశాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రోడ్డున పోయే ప్రతివాడూ మా బండ చదివి ఆ వ్యాపారి దగ్గరికే పోతాడు. నాయన పదకొండు రోజులు కూర్చొని వాడికి బోర్డు చెక్కిచ్చాడు. శిల్పి అన్న పేరు ఈసారి మా ఇంట్లోకే వచ్చింది, వచ్చి పక్క మనిషి మీద వాలింది.

నాయన తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. "అక్షరాలు బాగొచ్చినాయ్" అన్నాడు.

అంతే, నేను పేలిపోయాను. ఆ బండ నీది, ఆ చెయ్యి నీది, అన్నకు ఎదురు చెప్పలేక ఊరి పేరంతా తీసుకుపోయి దొంగచేతిలో పెట్టావు, ఇంకా అక్షరాలేంటి అని, నాయనను ఎప్పుడూ అనని మాటలు అన్నాను. ఆ బండను తర్వాత పెరట్లో బోర్లా పడేశారు, అమ్మ ఇప్పటికీ దాని మీదే బట్టలు ఉతుకుతుంది. కానీ ఆ పూట అది రోడ్డు మీద నిలబడి వాడి పని చేస్తూనే ఉంది, దాన్ని ఏం చేయాలో మాకెవరికీ తెలియలేదు.

నాయన నా మాటలన్నీ విన్నాడు. తర్వాత కుర్చీ నా పక్కకు జరుపుకున్నాడు.

"నువ్వు మొదట చెప్పినావే, ఉలి. అదుందా ఇంకా?"

కొట్టి చూశాను. ఉంది. ఉలి ఎవరికి కావాలి? గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. శుక్రవారం, నడి రాహుకాలం. ఆ మాట చెప్పాను. నాయన గడియారం వైపు తిరగను కూడా తిరగలేదు, తీసుకోమన్నాడు. కార్డుతో డబ్బు కట్టే స్నేహితుడికి ఆ అన్న ఫోన్ కలిపాడు. ఫారంలో సొంతదారు పేరు అన్న గడి దగ్గర నా చేతులు ఆగాయి. మా ఇంట్లో కరెంటు మీటరు నుంచి షెడ్డు పట్టా దాకా అన్నీ పెదనాయన పేరు మీదే ఉన్నాయి.

"ఇది దేవుని మీద గాదు గదా?" అన్నాడు నాయన.

కాదు నాయనా, అంగడి మీద అన్నాను.

"అయితే నా పేరే పెట్టు."

ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి చెప్పాడు. నాకు ఇరవై ఏళ్లు వచ్చినా ఆయన పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి. సగం కొట్టేసరికి మెట్ల మీద పెదనాయన చెప్పుల చప్పుడు వినిపించింది. నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బేగా కొట్టు పాపా. పంచాంగం తెరుస్తాడు."