పదకొండు అని చెప్పాను

నా కోడలికి ఉమ్మనీరు పోయింది తెల్లవారి ఐదు గంటలకు. దవాఖానలో సిస్టర్ అడిగితే పదకొండు అని చెప్పాను. ఆ ఆరు గంటల గురించే ఇది రాస్తున్నాను. దాచుకుంటే దేవుడి ముందు కూర్చోలేకపోతున్నాను.

మేముండేది కొండాపూర్‌లో, కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో. నా కొడుకు కంపెనీల వాళ్ళను దింపే క్యాబ్ నడుపుతాడు. కోడలు రాయదుర్గంలో ఒక ఆఫీసు ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్ళ పేర్లు రాసుకుంటుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా ఆనవాయితీ. కానీ ఆ పిల్లకు తల్లి లేదు. అందుకని తొమ్మిది నెలలూ నేనే తల్లినై చూసుకున్నాను. ఆ భాగ్యం ఇచ్చినందుకు రోజూ దండం పెట్టుకునేదాన్ని.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు, గోడ మీది క్యాలెండర్ ముందు నిలబెట్టి అంకెలు నేర్పాడు. ఆ క్యాలెండర్‌లో మంచి వేళలూ చెడ్డ వేళలూ చూడటం అప్పటి నుంచి అలవాటు. అదొక్కటే అయితే అలవాటేలే అనుకోవచ్చు. నా మొదటి బిడ్డ పుట్టిన గంటకే పోయాడు. కాన్పుకు నన్ను రాహుకాలంలో ఇల్లు కదిలించారనీ, అందుకే బిడ్డ దక్కలేదనీ మా అత్త నలుగురిలో అన్నది. ముప్పై ఏళ్ళయింది. ఆ మాట నాలోంచి పోలేదు.

ఆ శుక్రవారం తెల్లవారి కోడలు బాత్రూంలోంచి పిలిచింది.

"అత్తమ్మా, ఒక్కసారి రాండ్రి. నీళ్ళు పోయినట్టున్నయ్."

వెళ్ళి చూశాను. నిజమే. కొడుకు అప్పటికే పొద్దుటి ట్రిప్పుకు బయల్దేరాడు.

"నొప్పులొస్తున్నయా బిడ్డా?"

"ఇంక లేవు."

"నొప్పులు రానీ. ఇప్పుడే ఉరికితే ఆడ బెంచీ మీద కూసోబెడ్తరు. వానికి ఫోన్ గిట్ల చెయ్యకు, బండి మీద పరేషాన్ అయితడు."

దీపం పెట్టుకున్నాను. జావ కాచి తాగించాను. తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. బట్టలు సర్ది, దవాఖాన కార్డు వెతికి, చెప్పులు వేసుకునే సరికి పది ఇరవై అయింది. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు వస్తుంది. ఆటో పిలిచే లోపే పట్టుకుంటుంది.

"పన్నెండు కొట్టంగనే పోదాం బిడ్డా. గంటన్నరనే కదా."

కోడలు తలుపు చట్రం పట్టుకుని నిలబడింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె వేళ్ళు తెల్లబడేవి. "పోదాం అత్తమ్మా" అని రెండుసార్లు అన్నది. మూడోసారి అనలేదు. నేను వీపు నిమురుతూ నామం చెప్పుకుంటూ గడియారం చూస్తూ కూర్చున్నాను.

పన్నెండు కొట్టాక ఆటోలో వెళ్ళాం. దవాఖానలో మా ముందు ఇంకో కుటుంబం ఉంది. వాళ్ళ మీద సిస్టర్ గట్టిగా అరుస్తోంది.

"నీళ్ళు పోయినంక ఇంట్ల కూసోని ఏం చేసిన్రు? వంట చేసుకున్నరా? చీరెలు ఇస్త్రీ చేసుకున్నరా?"

ఆ పెద్దావిడ తల దించుకుంది. నా వయసే ఉంటుంది. తర్వాత మా వంతు వచ్చింది.

"నీళ్ళు ఎప్పుడు పోయినయ్ పెద్దమ్మా?"

"పదకొండింటికి" అన్నాను.

నోరు దానంతటదే అనేసింది. కోడలు నా వైపు చూసింది. సిస్టర్ రాసుకుంది.

పక్కన ఒక మనిషి తోడుండవచ్చంటే నేనే లోపలికి వెళ్ళాను. లోపలా ఆ సిస్టరే. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు నెత్తి మీదే ఉంటాయి. మంచం పక్కన అట్టకు ఒక గళ్ళ కాగితం బిగించి దాని మీద చిన్న ఇంటూ గుర్తు పెట్టింది.

"ఇదేంది సిస్టర్, లెక్కల కాయిదం లెక్క ఉంది?"

"నీ కోడలి జాతకం పెద్దమ్మా" అని నవ్వింది. "పార్టోగ్రాఫ్ అంటరు. గర్భసంచి మూతి ఎంత తెరుసుకుందో గీడ గుర్తు పెడ్త. ఇప్పుడు ఒంటిగంట, నాలుగు సెంటీమీటర్లు. గంటకొక సెంటీమీటరు తెరుసుకుంటే గుర్తులు ఈ ఏటవాలు గీత మీద నడుస్తయ్. వెనకబడి గీతకు కుడిపక్కకు పోయినయనుకో, ఫికరే. దాని పక్కనున్న గా రెండో గీత దాక అసలు పోనియ్యం."

"ఈ పైనవి?"

"బిడ్డ గుండె. అరగంటకోసారి లెక్క పెడ్త. నూట పది, నూట అరవై నడుమల ఉండాలె."

కాగితం పై అంచున నీళ్ళు పోయిన వేళ కోసం ఒక గడి ఉంది. అందులో పదకొండు అని నీలం ఇంకుతో రాసి ఉంది.

సిస్టర్ పొట్ట మీద చిన్న యంత్రం పెట్టగానే గుర్రం పరుగెత్తినట్టు చప్పుడు వచ్చింది. నూట నలభై రెండు. ఒంటిగంటన్నరకు నూట నలభై. బిడ్డ గుండె అంత స్పష్టంగా విన్నందుకు లోలోపల దండం పెట్టుకున్నాను. రెండింటికి నూట నలభై ఎనిమిది. రెండున్నరకు నూట యాభై నాలుగు. చుక్కకు చుక్కకు మధ్య సిస్టర్ గీత గీస్తోంది, ఆ గీత పైకి ఎక్కుతోంది. మూడింటికి నూట అరవై రెండు అయింది.

"నొప్పులల్ల ఉంది కదా, మళ్ళ చూద్దాం" అన్నది సిస్టర్, కానీ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుంది.

కోడలి నుదుటి మీద చెయ్యి వేస్తే కాలుతోంది. మూడున్నరకు బిడ్డ గుండె నూట డెబ్భై. థర్మామీటరు పెట్టి చూసిన సిస్టర్ కాగితం వైపు తిరిగి తనలో తనే మాట్లాడుకుంది.

"జ్వరమెందుకొచ్చింది? నీళ్ళు పోయి నాలుగున్నర గంటలే అయింది. గింత జల్దిన ఇన్ఫెక్షన్ పట్టదు కదా. నీళ్ళు తాగలేదేమో." కోడలికి గ్లాసు అందించింది. "ఐదింటికి మళ్ళ లోపల చూసి అప్పుడు డాక్టరమ్మకు చెప్త."

నాలుగున్నర కాదు, పదిన్నర. ఆ లెక్క వేయగలిగింది ఆ గదిలో ఇద్దరమే. ఒకరు నొప్పుల్లో కళ్ళు మూసుకుని ఉంది. రెండోదాన్ని నేను.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. దేవుణ్ణి ప్రార్థించాను. ఆ అంకె తగ్గించు స్వామీ, ఐదయ్యే లోపల తగ్గించు అని. నిజం చెబితే నన్ను బయటికి పంపేస్తారేమో, కొడుక్కు తెలుస్తుందేమో, ఈ పిల్లకు తల్లిలా చూసుకున్నానన్న మాట ఇక ఎవరూ అనరేమో అని భయం. నామం పెదవుల మీద తిరుగుతూనే ఉంది. ఇంతలో నొప్పి వచ్చి కోడలు నా చెయ్యి బిగించి పట్టుకుంది. ఆ చెయ్యి నిప్పులా ఉంది. నామం ఆగిపోయింది. ఆ నోటితోనే చెప్పాల్సిన మాట ఇంకొకటుందని అప్పటికి తెలిసింది.

"సిస్టర్, పదకొండు కాదు."

"ఏంది?"

"నీళ్ళు. పొద్దుగాల ఐదింటికే పోయినయ్. నేనే అబద్ధం చెప్పిన."

సిస్టర్ పెన్ను ఆగింది. "పొద్దుగాల ఐదా?"

"తిట్టుండ్రి సిస్టర్. కానీ రాసుకోండ్రి."

"తిట్టేటందుకు టైమెక్కడిది పెద్దమ్మా!"

పదకొండును ఒక్క గీతతో కొట్టేసి పక్కన ఐదు అని రాసింది. ఫోన్ తీసింది. మూడు నిమిషాల్లో డాక్టరమ్మ వచ్చింది, చిన్న పిల్ల, కోస్తా వైపు మాట. లోపల చూసింది. ఐదు సెంటీమీటర్లే. రెండో ఇంటూ గుర్తు గీతకు కుడిపక్కన పడింది. నీళ్ళు ఆకుపచ్చగా వస్తున్నాయి, బిడ్డ లోపలే దొడ్డికి పోయిందన్నది.

"ఇంక ఆగకూడదండీ. ఇన్ఫెక్షన్ మొదలైంది, బిడ్డ అలిసిపోతోంది. ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాం. వాళ్ళాయన్ని పిలిపించండి."

కోడలిని స్ట్రెచర్ మీద తోసుకుపోతుంటే నా చెయ్యి వదలడానికి ఆమెకు కాసేపు పట్టింది.

కొడుకు యూనిఫాం చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు. ఎవరూ చెప్పక ముందే నేనే అంతా చెప్పాను. వాడు గోడకు ఆనుకున్నాడు.

"క్యాలెండర్ మొఖం చూసినవ్ గని, దాని మొఖం చూడలేదా అమ్మా?"

ఆపరేషన్ గది ఎర్రలైటు కింద ఇద్దరం నిలబడ్డాం, మధ్యలో ఇంకొక మనిషి పట్టేంత ఎడం. నామం చెప్పుకోవాలన్నా అడగడానికి నాకేం హక్కుందనిపించింది. ఊరికే నిలబడ్డాను.

ఐదు కాకముందే సిస్టర్ బయటికి వచ్చింది.

"పాప. వెంటనే ఏడ్వలేదు, జర సేపు ఊపిరి అందించినం. ఇప్పుడు గొంతు చిన్నగ ఉంది, గని ఉంది. వారం రోజులు లోపల ఉంచి మందులిస్తరు. తల్లి బాగుంది."

నేను సిస్టర్ కాళ్ళ మీదికి వంగబోతే భుజాలు పట్టి లేపింది.

"నాకెందుకు పెద్దమ్మా దండం? ఐదింటి దాక చూద్దామనుకున్నదాన్ని నేనే. మీరు చెప్పిందే నేను రాస్త, రాసింది చూసే నేను నడుస్త." ఆ మనిషికి రోజూ మొక్కుతాను, ఆమెకు తెలియకపోయినా.

మరునాడు పొద్దున కోడలు దిండుకు ఆనుకుని కూర్చుంది. నేను పాలగ్లాసు పట్టుకుని నిలబడ్డాను. క్షమించమని అడగడానికి రాత్రంతా మాటలు కూర్చుకున్నాను గానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"నాకు తెలివి లేదు సరే. నువ్వెందుకు చెప్పలేదు బిడ్డా?"

"మీరు అందరి ముంగట చిన్నబోతరని."

"ప్రాణం మీదికి వస్తున్నా?"

ఆమె గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది.

"నాలుగింటికి గుండె లెక్క పెట్టేటప్పుడు గూడ మీరు చెప్పకపోతే నేనే చెప్దామనుకున్న."

"నిజంగనా?"

"ఏమో అత్తమ్మా."

పసిపిల్లల గదిలోంచి పాలకు పిలిచారు. ఆమె కుట్ల మీద చెయ్యి పెట్టుకుని లేచింది. నేను నడుము పట్టుకున్నాను. "మెల్లగ" అన్నాను. "మీరే జల్దిన నడుస్తున్నరు" అన్నది. నేను అడుగు తగ్గించాను.