కూర్చోమన్న బోర్డు

మొన్న బుధవారం మా మందుల షాపు మావయ్య పోయారు. ఒక పేషెంటును వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరకు వెళ్లి, అక్కడి బెంచీ మీదే కుప్పకూలిపోయారట. మాకు చుట్టం కాదు. అనకాపల్లిలో సగం ఊరికి ఆయన మావయ్యే.

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. రోజూ మాత్ర పడాల్సిందే. ఏళ్ల తరబడి మాత్రలు అయిపోయిన ఖాళీ షీటు చూపిస్తే మావయ్య కొత్త షీటు ఇచ్చేవారు. మా వైపు చాలామందికి మందు చీటీ అంటే ఆ ఖాళీ షీటే. దూరాన రోలుగుంట నుంచి బస్సులో వచ్చే ఆడవాళ్లు దాన్ని కొంగున ముడేసుకుని తెచ్చేవారు.

ఎక్కడో ఎవరో ఆ మాత్రలు మత్తు కోసం మింగారట. దాంతో ప్రభుత్వం వాటిని గట్టి షెడ్యూలులోకి, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితాలోకి, మార్చేసింది. ఇక ప్రతిసారీ కొత్త చీటీ కావాలి, రిజిస్టరులో పేరూ ఊరూ ఎక్కాలి. తమ్ముడికి రెండు మాత్రలే మిగిలిన రోజున మావయ్య కూడా చీటీ అడిగారు. "ఇన్నేళ్లు చూసిన మీరే ఇలా అంటారా?" అని అరిచేసి వచ్చాను. నాలుగు షాపులు తిరిగాను. రాతకోతల గొడవెందుకని అందరూ ఆ మందు తెప్పించడమే మానేశారు. నా మొహమైనా చూడకుండా "లేదమ్మా" అన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

సిగ్గుపడుతూ వెనక్కి వెళ్తే, మావయ్య నాకంటే మండిపడుతున్నారు.

"తప్పు సేసినోడు దొరకలేదని జబ్బున్నోడి మాత్ర లాక్కుంటారేటి? రూలు రాసినోడు ఎప్పుడైనా రోలుగుంట బస్సెక్కేడా?"

"మరి ఇచ్చేయొచ్చుగా మావయ్యా!"

"నా లైసెన్సు పోతే రేపు నీకెవరిత్తారమ్మా? పద, సీటీ రాయించుకొద్దాం."

మందుల పెట్టె అట్ట చింపి, "డాక్టరు గారి దగ్గర ఉన్నాను, కూర్చోండి" అని రాసి షాపు ముందు వేలాడదీశారు. ఆ రోజు నుంచి ఖాళీ షీటుతో వచ్చిన ప్రతివారినీ అలాగే తీసుకెళ్లేవారు. తిట్టుకుంటూనే రిజిస్టరు రాసేవారు. ఆయన్ని అన్న మాటకు క్షమించమని నేను ఒక్కసారీ అడగలేదు.

నిన్న వెళ్లాను. షట్టరు దించేశారు గానీ బోర్డు తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. దాని కింద మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

"కూకోమని రాసేరంట కదమ్మా. బాబు ఎప్పుడొత్తాడు?" అంది.

డాక్టరు దగ్గరకు నేనూ తీసుకెళ్లగలను, చీటీ రాయించగలను. ఆ చీటీ పట్టుకుని ఏ షాపుకు వెళ్లమంటారు? ఆమె పిడికిట్లో ఖాళీ షీటు నలుగుతోంది.