తిరిగిరానివాడి బుట్ట

గంజాం జిల్లా ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజులవి. నేను బరంపురంలో చరిత్ర పాఠాలు చెప్పే మేష్టర్ని. మసేనుది ఆర్యపల్లి, చేపలు పట్టే కుటుంబం. రంగూన్ వెళ్లి, ఓడలో బొగ్గు వేసే పనిలో చేరి, జ్వరం తగిలి, ఓడవాళ్లు రష్యాలో ఒడెస్సా రేవులో దింపేసి పోతే, అక్కడొక చలికాలమంతా ఉండి వచ్చినవాడు. అలాంటి మనిషి మన జిల్లాలో ఉన్నాడని తెలిశాక నాకు కాలు నిలవలేదు. ప్రతి ఆదివారం ఛత్రపురం దాకా రైల్లో పోయి, అక్కణ్ణించి ఇసకలో పడి నడిచి, నోట్‌బుక్కు చంకన పెట్టుకుని ఆర్యపల్లి చేరేవాణ్ణి.

బీదవాళ్ల రాజ్యం ఎంత గొప్పదో వాడి నోట వినాలని నా ఆత్రం. వాడేమో రొట్టె చీటీల గురించి చెప్పేవాడు.

"పొద్దుట నిలబడితే మద్దేన్నానికి రొట్టి, బాబూ. అయిపోతే నేదు. ఒకే ఇంట్లో నాలుగు సంసారాలు, ఒకటే పొయ్యి. పక్కోళ్లు ఇంటారని అందరూ గొంతు దించే మాటాడతారు. గోడమీద ఆ రాజ్జెం ఏలే పెద్దోడి బొమ్మ మాత్తరం పెతీ ఇంట్లోనూ ఉంటాది."

నాకు ఒళ్లు మండేది. మంచి ఏమీ లేదా అంటే మంచీ చెప్పేవాడు. ఆస్పత్రిలో కులం అడక్కుండా మంచమిచ్చారట, దొరసానిలాంటి డాక్టరమ్మ తన చేత్తో మందు తాగించిందట. అదంతా గబగబా రాసుకునేవాణ్ణి. రొట్టె సంగతి రాసుకోలేదు. అయితే ఎక్కడ మొదలుపెట్టినా పెత్రో అనే ముసలాయన దగ్గరికి వచ్చేసరికి వాడి మాట ఆగిపోయేది. పెత్రో అక్కడ వలల జట్టుకి పెద్ద, మసేనుకు జట్టులో పనీ, తన ఇంట్లో చోటూ ఇచ్చినవాడు. ఆయన ఏమయ్యాడని అడిగితే సముద్రం వైపు తిరిగి, "ఈయేల గాలి బాగా నేదు" అనేవాడు.

అక్కడ పుట్టింది నా అనుమానం. పైగా ప్రతి సోమవారం వాడు పోలీసు ఠాణాకు వెళ్లొస్తాడని తెలిసింది. అడిగితే, రష్యా నుంచి వచ్చినవాణ్ణి గనక వారానికోసారి కనబడి పోవాలని హుకుం అన్నాడు. ఆదివారం నాతో మాట, సోమవారం వాళ్లతో మాట! కమ్యూనిస్టు అన్న పేరు పడితే చాలు, ఉద్యోగాలు ఊడుతున్న ఏడాది అది. మా వీధి మలుపులో సైకిలు ఆనించుకుని ఒకడు పగలంతా బీడీలు కాలుస్తున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా పుస్తకాలు సగం బియ్యం డబ్బాలో దాచాను. మసేనే నన్ను పట్టిస్తున్నాడని తేల్చేసుకుని ఆదివారాలు మానేశాను.

మూడో వారం వాడే మా ఇంటికి వచ్చాడు. అరుగుమీద కూర్చోమని కూడా అనలేదు నేను.

"నా గురించి ఠాణాలో ఏం చెబుతున్నావు?" అని మొహం మీదే అడిగేశాను.

వాడు తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, ఇన్నాళ్లూ దాచుకున్నది చెప్పాడు.

ఆర్యపల్లిలో ఒక ఆచారం ఉంది. వల ఒడ్డుకు రాగానే, వాటాలు వెయ్యకముందే, ఇల్లు విడిచి వెళ్లి తిరిగిరానివాడి ఇంటికని ఒక బుట్ట చేపలు తీసి పక్కన పెడతారు. మసేను జాడ తెలియని మూడేళ్లూ వాడి భార్య జగ్గమ్మ ఆ బుట్టతోనే బతికింది. ఒడెస్సా రేవులోనూ మొగుడు మునిగిపోయిన ఇల్లాలొకామె ఉంటే, మసేను అలవాటుకొద్దీ వలలోంచి ఒక బుట్ట తీసి ఆమె గుమ్మంలో పెట్టాడు. అక్కడ చేపంతా సర్కారుది. పెత్రో చూసి కూడా ఊరుకున్నాడు.

"నాల్రోజులకి కాయితం అట్టుకొచ్చారు బాబూ. ఏలిముద్ర ఎయ్యమన్నారు. అందులో ఏటుందో నాకేటి తెల్సు? ఏసేసాను. సర్కారు సేప పెత్రోయే దొంగిలించాడని రాసుందట. ముసిలోణ్ణి అట్టుకుపోయారు. మరి రానేదు. ఆయన పెళ్లాం మాత్తరం నాకు కూడెట్టడం మాన్నేదు."

వాడు ఏడుస్తున్నాడు. నాకు అప్పుడు కూడా నా ఉద్యోగమే గుర్తొచ్చింది.

"ఇప్పుడిదంతా నాకెందుకు చెబుతున్నావు?"

"మీమీద కాయితం రాత్తన్నారు. రేపు మిమ్మల్నీ పిలుత్తారు. భయపడకండి."

భయపడ్డాను. మర్నాడు ఠాణాలో ఇన్‌స్పెక్టరు నాకు కుర్చీ వేయించాడు. మసేను నిలబడే ఉన్నాడు. బల్లమీద కాగితం, పక్కన సిరా.

"వెయ్యరా ముద్ర" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సదవండి బాబూ."

"చదివితే నీకేం తెలుస్తుందిరా?"

"సదవండి. ఇన్నాక ఏత్తాను."

తిట్టినా కదల్లేదు. చివరికి రైటరు చదివాడు. మేష్టరు వైకుంఠరావు, అంటే నేను, ఆదివారాలు ఆర్యపల్లి వచ్చి, జనాన్ని పోగుచేసి, సర్కారును కూలదొయ్యాలని బోధించాడట.

"అబద్ధం" అన్నాడు మసేను. "రష్యా కబుర్లు సెప్పింది నాను. ఊరోళ్లని కూకోబెట్టింది నాను. ఈ బాబు రాసుకున్నారు, అంతే. నా పేరెట్టి రాయండి, దానికేత్తాను."

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "అంతేనా మేష్టారూ?"

ఊరివాళ్లను కూర్చోబెట్టింది నేను. రెండుసార్లు ఉపన్యాసం దంచింది కూడా నేనే. సర్కారును కూలదొయ్యమని అనలేదు గాని, అన్నంత పని చేశాను.

"అంతేనండీ" అన్నాను.

కొత్త కాగితం రాశారు. మసేను దాన్నీ చదివించుకుని, తాపీగా బొటనవేలు అద్ది, సిరా తల వెంట్రుకలకు తుడుచుకున్నాడు. అక్కణ్ణించి అటే జైలుకు తీసుకుపోయారు.

నా ఉద్యోగం నిలబడింది. నెల పోయాక, సిగ్గు చంపుకుని ఆర్యపల్లి వెళ్లాను. వల లాగుతున్నవాళ్లు నన్ను చూడగానే పాట ఆపేశారు. చేప ఒడ్డున పడింది. వాటాలు వెయ్యకముందే ఒక బుట్ట తీసి పక్కన పెట్టారు. జగ్గమ్మ వచ్చి దాన్ని నెత్తికెత్తుకుంది.

"జగ్గమ్మా, మసేను కబురేమైనా..." అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవులు పట్టించారో ఊరందరికీ తెల్సు. మళ్లీ ఏటి రాసుకోడానికొచ్చారు బాబూ?"

నేను కాదని చెప్పబోయాను. ఆమె చూపు నా చంక మీదే ఉంది. అలవాటుకొద్దీ నోట్‌బుక్కు తెచ్చుకున్నాను.