ఉమ్ నౌఫల్ రుచి చూడదు

ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలియకపోతే నాకు ముద్ద దిగదు. ఈ గుణం మా అమ్మకు తెలుసు. అందుకే నన్ను హమా పట్నం నుంచి ఈ కొండ ఊరికి కోడలిగా పంపేటప్పుడు చెవిలో మూడు మాటలు వేసింది. "చూసిందల్లా అడక్కు. పెట్టిందల్లా తిను. మొహం మాత్రం చిట్లించకు." మొదటిది నా వల్ల కాలేదు. మూడోదాన్ని అక్షరాలా పాటించాను, దాంతోనే కొంప మునిగేంత పనయింది.

మా పక్కింటావిడ ఉమ్ నౌఫల్. అంటే నౌఫల్ వాళ్ళమ్మ; అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. అరవై దాటిన పొట్టి మనిషి. జూన్ వచ్చిందంటే ఆవిడ చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉంటాయి. మా వీధిలో ప్రతి పెరట్లోనూ ఒక తూత్ చెట్టు ఉంది. మల్బరీలోనే ఇది నల్లరకం, పట్టుపురుగులకు వేసేది కాదు. పండు బాగా మాగి, చెయ్యి తగిలితే రాలిపోయేలా ఉన్నప్పుడే షర్బత్‌కు పనికొస్తుంది. కింద దుప్పటి పరిచి కొమ్మ దులుపుతారు. దులిపిన రోజే పిసికి, గుడ్డలో వడకట్టి, పంచదార పోసి పాకం పట్టాలి. రెండో రోజుకు ఆగితే పులుస్తుంది. చెట్టు ఎవరిదైనా పాకం మాత్రం ఉమ్ నౌఫల్ పట్టాల్సిందే. ఆవిడ పొయ్యి మీంచి రాని షర్బత్‌ను మా వీధిలో చుట్టాల ముందు పెట్టరు. ఆవిడకు ఆ పేరే ఆస్తి.

అలాంటి మనిషి తను పట్టిన పాకం ఒక్కసారీ నోట్లో వేసుకోదు. మూడు వారాలు గోడ మీంచి చూసి మరీ చెప్తున్నాను. పాకం దించగానే మొదటి చెంచా గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళకి. ఉత్తరాలు తెచ్చినవాడికైనా సరే. ఇచ్చి ఊరుకోదు, వాళ్ళ మొహంలోకి కళ్ళార్పకుండా చూస్తుంది.

"అదేం అలవాటు అత్తయ్యా?" అని మా అత్తగారు నజీబాను అడిగాను.

"అది ఆమె పెద్ద మనసు. ఎదుటివాళ్ళు తింటుంటే చూసి మురుస్తుంది. నీకెందుకమ్మా ఇవన్నీ? ఆ పప్పు ఏరు."

షుగరు జబ్బేమో అనుకున్నాను. కానీ టీలో నాలుగు చెంచాల పంచదార వేసుకుంటుంది. ఏదైనా మొక్కుబడేమో అనుకున్నాను. ఏ మొక్కుబడైనా ఇన్నాళ్ళుంటుందా? నాకు పప్పు ఏరబుద్ధి కాలేదు.

ఇంతలో మా ఆడపడుచు మైసూన్‌కు సంబంధం కుదిరే వేళ వచ్చింది. శుక్రవారం పెళ్ళికొడుకు వాళ్ళొస్తారు, పెద్దలు ఫాతిహా ప్రార్థన చదువుతారు, ఆ వెంటనే తూత్ షర్బత్ ఇస్తారు. అందరూ గ్లాసు ఖాళీ చేస్తేనే మాట ఖాయమైనట్టు. సగం తాగి పక్కన పెట్టారంటే ఇష్టం లేదని చెప్పడమే. మైసూన్‌కు ఆ అబ్బాయంటే ప్రాణం. నాలుగు రోజులుగా దాని కాళ్ళు నేలమీద లేవు.

మా అత్తగారు మంగళవారమే పండ్లు దులిపించింది. అంత పండు చూస్తే వీధి కళ్ళన్నీ పడతాయని డబ్బాలో పోసి, మూత బిగించి, మంచం కింద దాచింది. గురువారం పొద్దున నా చేతికిచ్చి పంపింది. ఉమ్ నౌఫల్ ఇంట్లో మూత తీశాను. గుప్పుమని పులిసిన వాసన. నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఆవిడ మాత్రం డబ్బా మీదికి వంగి, పండు రంగు చూసి, "బంగారంలా ఉంది, మీ అత్త చెట్టు పండు" అంది. కొత్తదాన్ని, ఈ ఊరి పద్ధతి ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

మధ్యాహ్నానికి పాకం దిగింది. గుమ్మంలో ఉన్నది నేనే కాబట్టి మొదటి చెంచా నాకే వచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. ఎంత పంచదార పోస్తే ఏం, నాలుక ముడుచుకుపోయింది. ఆవిడ నా కళ్ళలోకి చూస్తోంది. మా అమ్మ మాట గుర్తొచ్చింది. మొహంలో ఒక్క గీత కదలనివ్వలేదు.

"మీ చెయ్యి చల్లగుండ, పిన్నీ" అన్నాను.

ఆవిడ భుజాలు దిగాయి. హాయిగా ఆరు సీసాలు నింపేసింది.

ఇంటికొచ్చాను గానీ మనసు నిలవలేదు. ఇన్నేళ్ళ పేరున్న మనిషి ఇంత పులుపు ఎలా పోనిచ్చింది? జల్లెడ కావాలన్న వంకతో సాయంత్రం కాకముందే మళ్ళీ వెళ్ళాను. వీధి తలుపు దగ్గరే రొట్టె మాడిన కంపు కొట్టింది. ఉమ్ నౌఫల్ పొయ్యికి వీపు పెట్టి కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతోంది. నన్ను చూసి నవ్వి, "రా కూర్చో, మైసూన్ ఏం చేస్తోంది?" అని అడిగింది. వెనక పొయ్యి మీద రొట్టె నల్లబడుతోంది. భుజం మీంచి పొగ ముందుకొచ్చి కళ్ళకు కనబడ్డాక గానీ ఆవిడ లేవలేదు.

నేను అక్కడే నిలబడిపోయాను. మొదటి చెంచా ఎందుకిస్తుందో, మొహంలోకి ఎందుకు చూస్తుందో ఒక్కసారిగా అర్థమైంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"పిన్నీ, మధ్యాహ్నం పట్టిన పాకం పులిసిపోయింది" అన్నాను.

"చెయ్యి చల్లగుండ అన్నావుగా?"

"కొత్తకోడల్ని. ఇంకేమంటాను?"

"మాట సంగతి వదిలెయ్. అందరూ అదే అంటారు. మొహమైనా మారలేదేం నీకు?"

"చిన్నప్పుడు మొహం చిట్లిస్తే మా అమ్మ తొడపాశం పెట్టేది."

ఆవిడ మాడిన రొట్టెను పళ్ళెంలో పెట్టి నల్లటి పెచ్చు గీకేసింది. తర్వాత చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందట జ్వరమొచ్చి తగ్గిందట. జ్వరంతో పాటు వాసనా రుచీ పోయాయట. "నాలుక మీద గుడ్డముక్క వేసినట్టుంటుంది. టీలో పంచదార కూడా పాత లెక్కే. ఎవరికైనా చెప్తే మరునాటి నుంచి ఒక్క డబ్బా నా గుమ్మం తొక్కుతుందా? జనం నాలుకతో అబద్ధమాడతారు గానీ, మొహం అంత తొందరగా ఆడదు. దాన్ని నమ్ముకునే తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను. నువ్వొచ్చి చెడగొట్టావు." మా ఇంటి గోడ వైపు చూసి అడిగింది, "మీ అత్తకు చెప్తావా?"

"నాకు అడగడమే వచ్చు పిన్నీ, చెప్పడం రాదు."

ఆరు సీసాలూ తూత్ చెట్టు మొదట్లో ఒంపేశాం. ఆవిడ పెరట్లోని చెట్టు గోడ నీడన ఉండి ఆలస్యంగా మాగుతుంది, అదే మమ్మల్ని బతికించింది. నేను చెట్టెక్కి దులిపాను, ఆవిడ కింద దుప్పటి పట్టింది. పొద్దు వాలేసరికి కొత్త పాకం దిగింది. చెంచా నా నోటి దాకా తెచ్చి ఆపింది.

"ఈసారి మీ అమ్మ లేదిక్కడ" అంది.

చప్పరించాను. నిమ్మరసం చాల్లేదు. మొహం దాని ఇష్టానికి వదిలేశాను. ఆవిడ నన్ను చూసి, అడక్కుండానే ఇంకో కాయ పిండింది.

శుక్రవారం నా ఊదా చేతులు చూసి అత్తగారు గుండెలు బాదుకుంది. పచ్చి తూత్ కాయలతో రుద్ది రుద్ది మరక వదిలించి, పళ్ళెం నా చేతికిచ్చింది. ఫాతిహా అయింది. నేను షర్బత్ పంచాను. "చెయ్యి చల్లగుండ" అంటూ అందరూ తాగారు. ఆ మాటలు ఉమ్ నౌఫల్ చెవికెక్కినట్టు లేదు. ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుని నన్నే చూస్తోంది. ఇలాంటి చోట గ్లాసులు తన దాకా రాకముందే లేచి వెళ్ళిపోవడం ఆవిడకు అలవాటు. ఇవాళ లేవలేదు.

నేను ఆవిడ ఎదురుగా నిలబడి, ముందు నా గ్లాసులోంచి ఒక గుక్క తాగాను. ఏం దాచుకోలేదు. దాచుకోవడానికీ ఏమీ లేదు. ఆవిడ చెయ్యి చాచి పళ్ళెంలోంచి గ్లాసు తీసుకుని, ఆపకుండా చివరి చుక్క దాకా తాగేసింది. తొమ్మిదేళ్ళుగా వీధిలో ఎవరూ చూడని సంగతి అది. మా అత్తగారు నోరెళ్ళబెట్టింది.

నేను వంగి మెల్లగా అడిగాను. "ఎలా ఉంది పిన్నీ?"

"నీ మొహం చూశాగా" అంది, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "తియ్యగా ఉంది."