కాక టోపీలు, బాపు రుమాలు

మా ఇంట్లో తలలకన్నా టోపీలే ఎక్కువగా ఉండేవి. అవన్నీ మా కాకవే. కాక అంటే బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. బాపు పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని బట్ట నేస్తే, కాక ఆ పొద్దస్తమానం ఊళ్ళు తిరిగి లోకాన్ని ఉద్ధరించేవాడు. తిరిగేవాడికి ఎండ తగులుతుంది కదా, అందుకని టోపీలు. ఏ టోపీ కింద ఏ పని చేశావని మాత్రం అడగకూడదు. అడిగితే అన్నం మీద అలిగి, ఆకలి కాగానే వచ్చి తినేవాడు.

నైజాం కాలంలో ఆయనకు కుచ్చు వేలాడే ఎర్రని రూమీ టోపీ ఉండేదట. నేను పుట్టకముందు సంగతి. ఏ పోలీసు అమీను వచ్చినా ఆ టోపీ పెట్టుకుని అందరికన్నా ముందు నిలబడి సలాము కొట్టేవాడని అవ్వ చెప్పేది. అవ్వ అంటే బాపుకూ కాకకూ తల్లి. సర్కారు మారిందని ఊరందరికీ తెలిసేలోపే రూమీ టోపీ అటకెక్కి, తెల్ల ఖద్దరు టోపీ కాక తలకెక్కిందట. ఆ విద్యలో ఆయనను మించినవాడు మా సాలెవాడలో లేడు. నాకు బుద్ధి తెలిసేసరికి ఖద్దరుది మీటింగులకు, నల్ల ఉన్ని టోపీ పెళ్ళిళ్ళకు, చెవులు మూసే కోతి టోపీ చలికి, ఇట్లా ఇంట్లో ఉన్న చిలక్కొయ్యలన్నీ ఆయన టోపీలతో నిండిపోయాయి. అమ్మ తన చీర తగిలించుకోవడానికి గోడకు వేరే మేకు కొట్టుకుంది.

బాపుకు ఉన్నది ఒకటే రుమాలు. తన మగ్గం మీద తాను నేసుకున్నదే. ఎర్రగా పుట్టి, ఉతికి ఉతికి ఇటుక రంగుకు దిగింది. వీధిలో పడుగు నూలు చాపి గంజి పట్టించే పొద్దున అది తలకు నీడ. మగ్గం మీద కూర్చుంటే చెమట నూలు మీద పడకుండా ఆపేది అదే. రామన్నపేట సంతకు పోతే వచ్చేటప్పుడు దాంట్లో జొన్నలు మూట కట్టుకొచ్చేవాడు. తోవలో దప్పికైతే దాని కొస చెంబుకు కట్టి బావిలోకి వదిలేవాడు. నడవనని నేను మొండికేస్తే నన్ను వీపున కట్టుకునే జోలె కూడా అదే. వానకు మాత్రం రుమాలు ఓడిపోయేది. అప్పుడు పక్కింటి రైతులాగే గొంగడి మూల మడిచి నెత్తిన ముసుగులా కొప్పెర వేసుకునేవాడు. ఇక మా ఆడవాళ్ళ తలకు దక్కింది చుట్టబట్ట. పాత చీర పేలికను మెలిపెట్టి గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంటే దాని మీద నీళ్ళ కడవ కుదురుగా కూర్చుంటుంది. దాన్ని చూసి ఎవరూ లేచి నిలబడరు, సలాము కొట్టరు. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళ తలకు మర్యాద ఎందుకని కాబోలు.

ఒకసారి కాక ఆలేరులో రైలెక్కి సికింద్రాబాదు పోయి బెండు టోపీ కొనుక్కొచ్చాడు. వెనకటి తెల్లదొరలు పెట్టుకునే రకం, చుట్టూ అంచుండేది.

“గిది పెట్టుకుంటె ఎండల నిలవడ్డా నెత్తి సల్లగుంటది వదినె” అన్నాడు అమ్మతో.

“నువ్వు ఎండల నిలవడితె గద” అంది అమ్మ, నూలు కండె చుట్టడం ఆపకుండా.

ఆ మాటకు రోషమొచ్చి మర్నాడు పొద్దున కాక వీధిలోకి వచ్చి, మేం పడుగుకు గంజి పట్టిస్తుంటే నడుము మీద చేతులు పెట్టుకుని అజమాయిషీ చేశాడు. ఒక్క గాలి విసురు వచ్చింది. టోపీ ఎగిరి నేరుగా గంజి కాగులో పడింది. ఎండబెడితే రాయిలా బిగుసుకుని కాక తలకు పట్టకుండా పోయింది. అవ్వ దాన్ని తిరగేసి, గడ్డి పరిచి కోడిని పొదగేసింది. కాక టోపీలన్నిటిలో ఇంటికి పనికొచ్చిన టోపీ అదొక్కటే.

పందొమ్మిదివందల అరవైల నడుమ బాపుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కూర్చోబెడితే మెడ ఒక పక్కకు వాలిపోయేది. అప్పటినుంచి మగ్గం మీద అమ్మా నేనూ వంతులేసుకుని నేశాం. బాపు అన్నిటికీ ఓర్చుకున్నాడు కానీ, బోడి నెత్తితో గడపలో కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. రుమాలు ఆయన తల మీదే చుట్టబోతే మెడ ఆగేది కాదు. అందుకని రోజూ పొద్దున ముందు నా తలకు చుట్టుకుని, బిగువు సరిచూసుకుని, చెదరకుండా రెండు చేతులతో ఎత్తి ఆయన తల మీద పెట్టేదాన్ని. ఎంత బాగా కట్టినా ఆయన ఒకటే మాట అనేవాడు.

“జర వంకరున్నది బిడ్డా.”

నేను కోపంగా సర్దేదాన్ని. అప్పుడు ఎడమ చేత్తో తడిమి చూసుకుని నవ్వేవాడు. చెయ్యి పడిపోయినా మనిషి వెటకారం పోలేదు.

రెండేళ్ళకు బాపు పోయాడు. మాలో దినాల రోజు చనిపోయినవాడి కొడుకు తలకు అందరి ముందర కొత్త రుమాలు చుడతారు. అది కట్టుకున్నవాళ్ళు ఆ ఇంటికి పెద్ద. చుట్టడం కాగానే ఇంట్లో వయసులో పెద్దవాళ్ళు బియ్యం చల్లితే అయిపోయినట్టు. బాపుకు కొడుకు లేడు, పెళ్ళీడుకొచ్చిన నేనొక్కదాన్నే. కాబట్టి ఆ రుమాలు తనదేనని కాక బాపు బతికి ఉండగానే తేల్చుకున్నాడు. జన్మలో రుమాలు ముట్టని మనిషికి ఉన్నట్టుండి దాని మీద భక్తి పుట్టింది.

భక్తికి కారణం మగ్గం గది. ఇంట్లో వీధి వైపు ఉన్నది అదొక్కటే.

“మగ్గం గుంత పూడ్సి సైకిళ్ల దుకనం పెడ్త. కిరాయి సైకిళ్లకు మస్తు గిరాకున్నది” అన్నాడు, బాపు పోయిన మూడో రోజే.

“మేమేడ నెయ్యాలె?” అని అడిగింది అమ్మ.

“ఇంక నేసుడెందుకు వదినె? పిల్లనా, ఎప్పటికైనా ఒగ ఇంటికి పొయ్యేదే. నువ్వు వంటింట్ల ఓ మూలకు కూసో. నీ ఫికర్ నాకు లేదా?”

ఆయన ఫికరు అట్లా ఉండేది. ఆ గుంత పూడితే అమ్మకు చేసుకునే పనీ, తినే తిండీ రెండూ దాంట్లోనే పూడిపోతాయి. ఆ భయంతోనూ కోపంతోనూ నాకు బాపు కోసం ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

దినాల రోజు కులపెద్ద వచ్చాడు, బంధువులు వచ్చారు. మా మేనమామ కొత్త ఎర్ర రుమాలు తెచ్చాడు. తర్వాత ఎవరూ పేచీ పెట్టకూడదని కాక ముందుగానే చెయ్యెత్తి కట్టుబాటు గుర్తుచేశాడు.

“అందరు ఇనుండ్రి. పదిమందిల సుట్టిన రుమాలు పొద్దూకేదాక ఇప్పరాదు. ఎవ్వల నెత్తినుంటె గాళ్లే పెద్ద. అవునా, కాదా పెద్దయ్యా?”

“అవు” అన్నాడు కులపెద్ద.

కాక ఖద్దరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా తల వంచాడు. కట్టుబాటు ప్రకారం మొదటి చుట్టు కులపెద్ద వేస్తే మిగతాది కట్టుకునేవాడే చుట్టుకోవాలి. ఏళ్ళ తరబడి టోపీ కింద వాసన నూనెతో నిగనిగలాడిన తల అది. ఒక చుట్టు నిలిస్తే రెండోది జారింది. మళ్ళీ చుట్టుకుంటే కళ్ళ మీదికి దిగింది. మూడోసారి మొత్తం ఊడిపోయి మెడలో పడింది. చావింట్లో నవ్వకూడదు కాబట్టి అందరూ కండువాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గారు.

కాక నావైపు చూశాడు.

“పిల్లతోని కట్టియ్యుండ్రి. వాళ్ల బాపుకు రోజు గదే కట్టేది.”

“ఆడివిల్ల కట్టొచ్చునా?” అని నసిగాడు కులపెద్ద.

“ఎవ్వలు కడితేంది పెద్దయ్యా? ఎవ్వల నెత్తినున్నదన్నదే లెక్క!”

రుమాలు నా చేతికిచ్చారు. కాక కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని నా ముందు కూర్చున్నాడు. అంత భక్తి ఆయనలో నేను ముందెన్నడూ చూడలేదు. నేను రుమాలు దులిపి కొస పళ్ళతో పట్టుకుని, రోజూ చేసినట్టే ముందు నా తలకు చుట్టుకోవడం మొదలుపెట్టాను. మొదటి రెండు చుట్లూ నిజంగా అలవాటే, ఎవరి మీద ఒట్టేయమన్నా వేస్తాను. ఆ తర్వాత అవ్వ కళ్ళు నా కళ్ళతో కలిశాయి. మిగతా చుట్లకు నేను పూచీ పడను. కొస లోపలికి దోపేలోపే అవ్వ లేచి, పళ్ళెంలోని బియ్యం దోసిలితో తీసి నా నెత్తిన పోసింది.

“అయిపాయె. ఇగ లేవుండ్రి, బువ్వ సల్లారిపోతాంది.”

కాక కళ్ళు తెరిచాడు. కాసేపు ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక టోపీ ఒళ్ళోంచి కింద పడేలా లేచాడు.

“గది అలవాటుల సుట్టుకున్నది! ఇప్పమనుండ్రి!”

“నువ్వే అంటివి గదనయ్యా” అన్నాడు కులపెద్ద మెల్లగా, “పొద్దూకేదాక ఇప్పరాదని. పెద్దవ్వ బియ్యం గూడ పోసె. ఇగ నేనేం జేద్దు? మగ్గం జాగ జోలికి పోకు.”

కాక కింద పడ్డ టోపీ తీసుకుని దులిపి, పెట్టుకుని, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. అమ్మ మగ్గం గది గుమ్మంలో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని గుంతవైపే చూస్తోంది. అందరూ విస్తళ్ళ దగ్గరికి లేచారు. నా చేతులు మాత్రం తమ పాటికి తాము రుమాలు అంచు కిందికి పోయి, చెదరకుండా దాన్ని పైకెత్తబోయాయి. ఎత్తి పెట్టడానికి గడపలో బాపు లేడు. చేతులు దించుకుని మగ్గం గుంత అంచున కూర్చున్నాను. చూసుకోకుండా కట్టిన రుమాలు, తప్పకుండా వంకరగానే ఉండి ఉంటుంది. ఆ మాట అనేవాళ్ళు ఒక్కరూ లేరని తెలిసి, అన్ని రోజులకు అప్పుడు నాకు ఏడుపొచ్చింది.