బందరు రోడ్డా, బ్యారేజీయా

గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని అడగడం మా ఇంట్లో పెద్ద తప్పు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందని మా అమ్మ నమ్మకం. గుణదల మాత కొండ కింద ఇల్లు, ప్రతి ఆదివారం చర్చి, పడుకునే ముందు జపమాల, ఇన్ని ఉన్నా ఈ పట్టింపును మాత్రం ఆమె వదల్లేదు. బయల్దేరినవాళ్ళు ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చినా ఆమెకు గిట్టేది కాదు. ఫాదర్‌గారు వింటే ఏమంటారని నాన్న ఆటపట్టిస్తే, "ఫాదర్‌గారికేం తెలుసండీ, ఆయనకు పిల్లలా పాడా" అనేది.

డెబ్బై ఏడులో అన్నయ్యకు పెళ్ళయింది. ఆ ఏడే పాత ఫియట్ ఒకటి కొన్నాడు. వదినది వరంగల్లు, సముద్రం అనేది ఎప్పుడూ చూడలేదు. మా ఇంటి కోడలై ఉండి సముద్రం చూడకపోతే మాకే నామర్దా అని అన్నయ్య నవంబరులో ప్రయాణం పెట్టాడు. ఒక తుఫాను అంతకు కొద్దిరోజుల ముందే తమిళనాడు మీదికి పోయింది. ఇంకొకటి సముద్రంలో ఉందని రేడియో చెబుతోంది. "అదీ అటే పోతుందిలే" అన్నాడు అన్నయ్య, తుఫాను తనకు చెప్పి బయల్దేరినట్టు.

ఏ దారిన వెళ్ళాలన్న దానికి మాత్రం రాత్రి భోజనాల దగ్గర పెద్ద రభస జరిగింది. అన్నయ్య కంచంలో పప్పుచారులో వేలు పెట్టి మ్యాపు గీశాడు. బందరు రోడ్డు పట్టుకుని ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అక్కడినుంచి అవనిగడ్డ, ఆ కింద కృష్ణ సముద్రంలో కలిసే చోటు. దారంతా అరటితోటలు, చెరుకు, చివరికి రెండు నీళ్ళు రెండు రంగుల్లో కనిపిస్తాయన్నాడు. నాన్నకు అది నచ్చలేదు. "బ్యారేజీ దాటి మంగళగిరి, తెనాలి మీదుగా బాపట్ల పోరా. కాలువ పక్కన చక్కటి రోడ్డు, సముద్రం దాకా సరుగుడు తోటలు. టైరు పంచరైతే వేసే నాథుడైనా ఉంటాడు" అన్నారు. వదిన ఎటూ చెప్పక నవ్వుతూ కూర్చుంది. ఊళ్ళో బందరు రోడ్డు మలుపు దగ్గర తేల్చుకుంటాంలే అని అన్నయ్య చెయ్యి కడుక్కున్నాడు.

అమ్మ ఓటు మాత్రం బందరు రోడ్డుకే. అవనిగడ్డ దాటి సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో మా పిన్ని ఉండేది. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. అక్కడి బడిలో టీచరు. బాబాయి, ఇద్దరు ఆడపిల్లలు. ఇంటికి ఎవరొచ్చినా అన్నం తినకుండా కదలనివ్వని మనిషి. ఏటా ఉసిరికాయ పచ్చడి పెట్టగానే అమ్మ ఆమెకొక చిన్న జాడీ పక్కన పెట్టేది. ఆ రాత్రే జాడీ మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి, ముడి మీద ముడి వేసి, బల్ల మీద ఉంచింది.

శుక్రవారం పొద్దున బయల్దేరారు. గాలన్నది లేదు. నవంబరులో చెమట కారుతోంది, వేపచెట్టు ఆకు కదలడం లేదు. ఆకాశం బూడిద కలిపిన నీళ్ళలా ఉంది. నాకెందుకో ఆ పొద్దు నచ్చలేదు. కారు కదులుతుంటే "ఇంతకీ ఏ దారి" అనబోయాను. అమ్మ జబ్బ మీద గట్టిగా గిచ్చింది. నోరు మూసుకున్నాను.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి చూస్తే జాడీ బల్ల మీదే ఉంది. "మరవలేదే, అటు వెళ్ళడం లేదు గనక వదిలేశారు" అన్నారు నాన్న. "మీ కొడుకు సంగతి నాకు తెలీదా. తల మెడ మీద అతికి ఉంది గనక అదొక్కటీ మరవడు" అంది అమ్మ.

శనివారం వాన పట్టింది. సాయంత్రానికి గాలి మొదలైంది. అది వీచే గాలి కాదు, తలుపు అవతల నిలబడి తోసే గాలి. పెంకులు లేచిపోయాయి, కరెంటు పోయింది, రేడియో గరగరమని ఆగిపోయింది. నాన్న జపం చెబుతూ మధ్యలో మాటలు మరిచిపోయారు. బెజవాడలోనే ఇలా ఉంటే సముద్రం ఒడ్డున ఎలా ఉంటుందో అన్న మాట మా ముగ్గురి నాలుకల మీదే ఆగింది.

ఆదివారం చర్చికల్లా వస్తామన్న వాళ్ళు రాలేదు. బందరు వైపు ఫోన్లు లేవన్నారు. తెనాలి వైపూ లేవన్నారు. సోమవారం పొద్దుటికి మాటలు ముక్కలు ముక్కలుగా రాసాగాయి. అవనిగడ్డ వైపు దివిసీమలో నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు వచ్చాయట, ఊళ్ళు ఊళ్ళే లేవట. బాపట్ల వైపు గాలి దెబ్బేనట. ఆ పూట నుంచి మా ఇంట్లో అందరి ప్రాణం ఒక్క మలుపు దగ్గర ఉంది. కుడికి తిరిగారా, ఎడమకు తిరిగారా.

అమ్మ అన్నం ముట్టలేదు. బల్ల దగ్గర కూర్చుని, "జాడీ ఇక్కడే ఉంది" అనేది. "అదే కదమ్మా, అటు వెళ్ళలేదన్నమాటే కదా" అని నేను ధైర్యం చెప్పేదాన్ని. కాసేపటికి మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. కొడుకు సంగతి తెలియక మేము చస్తుంటే ఈవిడ జాడీ జపమేమిటని నాన్న దగ్గర విసుక్కున్నాను కూడా.

మధ్యాహ్నం దాటాక అన్నయ్య, వదిన ఒక లారీ దిగి వీధిలో నడుచుకుంటూ వచ్చారు. పొన్నూరు దగ్గర బడిలో తలదాచుకున్నారట. చెట్టు పడి కారు అక్కడే ఉండిపోయింది. సముద్రం దాకా వెళ్ళనే లేదు. వదిన అమ్మ చేతులు పట్టుకుంది.

"మలుపు దగ్గర జాడీ గుర్తొచ్చిందండీ అత్తయ్యగారూ. వెనక్కి వస్తే మీరు బాధపడతారు. ఒట్టి చేతులతో పిన్నిగారింటికి ఎలా పోతాం? ఇంకోసారి వెళ్దామని నేనే బ్యారేజీ వైపు తిప్పించాను."

"నీ పచ్చడే కాపాడిందే" అని నాన్న పైకే ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, నవ్వాను, ఏం చేస్తున్నానో తెలియలేదు. అమ్మ కోడలి తల నిమిరింది. నిమురుతూనే బల్ల వైపు చూసి, "జాడీ ఇక్కడే ఉంది. మీరు వెళ్ళలేదు. మరి నా చెల్లెలి దగ్గరికి ఎవరు వెళ్ళారు?" అంది.

అంతసేపూ ఆమె ఎవరి గురించి అంటోందో అప్పటికి గాని మాకు తెలియలేదు. సిగ్గుతో నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

చర్చివాళ్ళు బియ్యం, బట్టలు వేసుకుని దివిసీమ వైపు లారీ పంపుతుంటే నాన్న, అన్నయ్య అందులో ఎక్కారు. అమ్మ జాడీ తెచ్చి నాన్న చేతుల్లో పెట్టింది. అన్నం తినకుండా చెల్లెలి ఇంట్లోంచి రావద్దని మాత్రం చెప్పింది. ఎక్కడికని అడగవలసిన పని ఈసారి ఎవరికీ లేదు.

వాళ్ళు తిరిగొచ్చిన సాయంత్రం మేమంతా గుమ్మంలోనే ఉన్నాం. ముందు అన్నయ్య దిగాడు, మోకాళ్ళ దాకా ఎండిన బురద. వెనక నాన్న. చంకలో జాడీ ఉంది. వాసెన గుడ్డకు అమ్మ వేసిన ముడి అలాగే ఉంది. మాలో ఎవరూ ఏమీ అడగలేదు.