హాస్టల్ చీర

జనక్‌పురి జయకుమారికి సూదిమందు పొడవమంటే చెయ్యి వణకదు. ముప్పయ్యేళ్ళ నర్సు ఉద్యోగం మరి! అలాంటి మనిషి శనివారం పొద్దున ఇందిరాపురం వెళ్ళే కారులో కూర్చుని, కొంగు వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం, ఇదే పనిగా ఉంది. పక్కన కూతురు కెరెన్ కారు నడుపుతూ కూనిరాగం తీస్తోంది. తీయదూ మరి, చిక్కంతా తల్లికైతే!

కెరెన్ పెళ్ళి వచ్చే నెల. తోటలో నలభై మందికే చోటు, నలభై మందికే పిలుపు. "ఛోటీ సీ షాదీ మమ్మీ, అంతా పాతకాలం స్టైల్లో" అంది పిల్ల. పాతకాలమంటే ఏమిటో అనుకున్నారు జయకుమారీ, ఆవిడ మొగుడు ఆనందబాబూ. తీరా చూస్తే రేకు ట్రంకుపెట్టెలు, పింగాణీ పూత గ్లాసులు, పెట్రోమాక్సు లైట్లు, అన్నీ అద్దెకి! "మనం పాతసామాన్ల కబాడీవాడికి వేసినవే కదే ఇవి" అని ఆనందబాబు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

అక్కడికి బాగానే ఉంది. ఆ తర్వాత పిల్ల గోడ మీదున్న తల్లి పెళ్ళి ఫోటో చూసి, "ముఝే యహీ సాడీ చాహియే" అని, ఈ చీరే కావాలని పట్టుకు కూర్చుంది. తెల్ల బనారసు పట్టు, వెండి జరీ, తల మీద లేసు ముసుగు. పెళ్ళికొడుకు స్టీవ్‌కి ఆ ఫోటో పంపడం, అతను ఆహా ఓహో అనడం కూడా అయిపోయాయి. చిక్కేమిటంటే ఆ చీర జయకుమారిది కాదు.

అది హాస్టల్ చీర. రేపల్లె నుంచీ, చీరాల నుంచీ, బాపట్ల నుంచీ ఢిల్లీ ఆసుపత్రుల్లో ఉద్యోగానికొచ్చిన ఆడపిల్లలు, ఇంటికి పంపగా మిగిలింది తలా కాస్తా వేసుకుని చాందినీ చౌక్‌లో కొన్న చీర. ఎవరికి పెళ్ళి కుదిరితే వాళ్ళు కట్టుకోవాలి, ఆఖరున కట్టుకున్నవాళ్ళు దాచాలి. కట్టుబాటల్లా ఒక్కటే. పెళ్ళినాడు హాస్టల్ వాళ్ళందరూ వచ్చి, తమ చేతుల్తోనే పెళ్ళికూతురికి ఆ చీర కట్టాలి. జయకుమారి పెళ్ళి ఇష్టంలేక పుట్టింటివాళ్ళు రైలెక్కలేదు. ఆవేళ ఆవిడ చెయ్యి పట్టుకుని చర్చిలో నడిపించింది హాస్టల్ స్నేహితురాలు సువార్త. చీర ఆఖరున కట్టుకున్నదీ, ఇన్నేళ్ళూ ఇందిరాపురంలో తన ఇంట్లో దాచిందీ ఆ సువార్తే.

ఆ నలభై మందిలో సువార్త లేదు. హాస్టల్ వాళ్ళు ఒక్కరూ లేరు. "ఏడుగురు ఆంటీలా? మమ్మీ, నలభై అంటే నలభై" అంది కెరెన్. సగం మగపెళ్ళివారు, మిగతా సగంలో ఎక్కువమంది పిల్ల ఆఫీసు స్నేహితులు. కూతురి మొహం చూసి నోరెత్తలేకపోయింది జయకుమారి. చీర అడిగి తెచ్చుకుందాం, పిలుపు మాటెత్తకుండా లేచొచ్చేద్దాం అని ఎత్తు వేసింది. ఏం ఎత్తో ఖర్మ! చర్చిలో పాస్టరుగారు ఆదివారం ఆదివారం పెళ్ళి ప్రకటన చదువుతూనే ఉన్నారాయె. ఊరందరికీ తెలిసిన పెళ్ళి సువార్తకి తెలియకుండా ఉంటుందా?

"ఏమే జయా, ఇప్పటికి తీరిందా పిలవడానికి?" అని గుమ్మంలోనే కడిగేసింది సువార్త. "రామ్మా పెళ్ళికూతురా" అంటూ కెరెన్ బుగ్గలు పుణికింది. సోఫా మీద చీర అప్పటికే సిద్ధంగా ఉంది, కొత్త మల్లుగుడ్డలో చుట్టి. ముసుగు ఉతికి ఇస్త్రీ కూడా చేసింది. "మన హాస్టల్ వాళ్ళందరికీ ఫోన్లు చేశానే. ఏస్తేరు డ్యూటీ మార్చుకుంది. మార్తమ్మ బాపట్ల నుంచి టిక్కెట్టు తీసేసుకుంది. పెళ్ళినాడు తెల్లారేసరికల్లా వచ్చేస్తాం. పార్లరువాళ్ళని మాత్రం గడప తొక్కనివ్వకు."

చీర పుచ్చుకుని నవ్వుతూ లేచిపోవచ్చు. వారం పోయాక ఫోన్లో ఏదో వంక చెప్పచ్చు. ఆ దారీ తోచింది జయకుమారికి. ఛీ, ఇదేం బతుకు అనుకుంది.

"మిమ్మల్నెవర్నీ పిలవడం లేదే సువార్తా" అనేసింది. "నలభై మందే. అందులో మీరు లేరు."

సువార్త సోఫా మీది మూట తీసి కెరెన్ చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళమ్మా, మీ అమ్మ వాటా కూడా ఉంది ఇందులో" అంది. చెడామడా తిట్టినా బాగుండేది. జయకుమారి ఆ మూట కూతురి చేతిలోంచి లాగి సోఫా మీద పెట్టేసి, బయటికొచ్చేసింది.

లిఫ్టు దగ్గర కెరెన్‌కి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "షాదీ ఎవరిది మమ్మీ? నాదా, మీ హాస్టల్‌దా?"

"నీదేనే. చీరే నీది కాదు, నాదీ కాదు. పెళ్ళినాడు నాకు అమ్మ లేదు, నాన్న లేడు. ఆ ఫోటోలో ఓ పక్క నన్ను పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తుందే, మనిషి ఫ్రేములోకి రాలేదు, అది ఈ సువార్త చెయ్యే."

లిఫ్టు వచ్చింది, తలుపు మూసుకుని వెళ్ళిపోయింది. కెరెన్ ముక్కు తుడుచుకుని వెనక్కి వెళ్ళి బెల్లు కొట్టింది. సువార్త ఎర్రబడ్డ కళ్ళతో తలుపు కొంచెమే తీసింది.

"చీర కోసమా?"

"అవును ఆంటీ. మిమ్మల్ని పిలవడానికి కూడా" అంది కెరెన్, తెలుగు కూడబలుక్కుంటూ. "ఏడుగురినీ."

"నలభై మందేగా? మరి ఎవర్ని మానిపిస్తావు?"

ఇక ఇంతే అనుకుంది జయకుమారి. కానీ కెరెన్ ఫోను తీసి, ఆ గుమ్మంలోనే నిలబడి, ఆఫీసులో తనకి ప్రాణంలాంటి వైశాలికి చేసింది. "సారీ యార్..." అని మొదలుపెట్టి, వంకలేవీ చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల ఆ అమ్మాయి ఏడవడం వీళ్ళకీ వినపడింది. కెరెన్ ఫోను పెట్టేసింది.

పోనీలేమ్మా, వద్దులే అనలేదు సువార్త. తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగింది.

"ఇంకా ఆరు ఫోన్లున్నాయి. లోపల కూర్చుని చెయ్యి" అంది.